బెల్మార్ ఇసుక, అట్లాంటిక్ అల: ఏడాది పొడవునా రాసుకున్న ప్రాజెక్టు డైరీ

2023 సెప్టెంబరు, రెండో వారం

న్యూజెర్సీలో, ఎడిసన్‌లోని మా ఇంటి నుంచి బెల్మార్ బీచికి వెళ్ళాలంటే గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద ఎగ్జిట్ 98 దాకా పోయి రూట్ 138 పట్టుకోవాలి. తెల్లవారుజామున బయల్దేరితే ముప్పావు గంట. వేసవి శనివారం పగలైతే ఎంతసేపో ఆ దేవుడికే తెలియాలి. సర్ఫింగుకని అంత దూరం పోయాక అలలు బాగోలేకపోతే మా బామ్మర్ది మొహం చూడలేం. ఫోన్‌లోని యాప్ "మూడు నుంచి నాలుగడుగులు, ఫెయిర్" అంటుంది. వెళ్తే మూడడుగుల అల ఉన్నమాట నిజమే. కానీ ఒడ్డు పొడవునా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకేసారి కూలిపోతుంది. బోర్డు మీద లేచి నిలబడేలోపే అంతా నురగ. ఇక్కడివాళ్ళు దాన్ని క్లోజవుట్ అంటారు.

ఇంకో రోజు అదే యాప్ రెండడుగులంటుంది. పక్కింటాయన వెళ్ళొచ్చి అద్భుతంగా ఉందని ఫొటోలు చూపిస్తాడు. అందుకే ఈ ప్రాజెక్టు. ఒక్క బీచి, ఒక్క ఏడాది. సముద్రంలో తేలుతూ అలల్ని కొలిచే బోయాల లెక్కలు, గాలి, ఆటుపోట్లు, ఒడ్డున ఇసుక ఆకారం, మా కళ్ళతో చూసి వేసిన మార్కులు, అన్నీ ఒకచోట పెట్టి, ఇంట్లో కాఫీ తాగుతూనే వెళ్దామో వద్దో తేల్చుకోవాలి.

నేను భీమిలిలో పుట్టి పెరిగినవాణ్ణి. సముద్రం కొత్త కాదు, బోర్డే కొత్త. అయితే ఈ సముద్రం తీరు మాత్రం వేరు. మన విశాఖ తీరానికి దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన అల వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి వస్తుంది. పైగా అలల ముందస్తు సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ మన హైదరాబాద్‌లోనే ఉంది. న్యూజెర్సీకి ఆ అదృష్టం తక్కువ. ఈ అక్షాంశాల్లో వాతావరణం పడమర నుంచి తూర్పుకు కదులుతుంది. తుపాను పుట్టేది ఇక్కడే, పెరిగి పెద్దదయ్యేది మాత్రం ఐర్లండ్ వైపు పోయాక. దాని మంచి అలలన్నీ ఫ్రాన్స్‌లో హోసెగోర్‌కో, పోర్చుగల్‌లో పెనిషేకో చేరతాయి. మనకు మిగిలేది అది వెళ్ళిపోతూ విసిరిన అల. వచ్చింది వచ్చినట్టు పట్టుకోవాలి, ఒక పూట ఆగితే ఉండదు.

డేటా సంగతి

అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా వాళ్ళ బోయాల సమాచారం అందరికీ ఉచితం. మాకు కావాల్సినవి మూడు. లాంగ్ ఐలాండ్‌కు దక్షిణాన 44025, న్యూయార్క్ హార్బర్ ముఖద్వారం దగ్గర 44065, దిగువన బార్నిగాట్ దగ్గర 44091. ఒక్కో బోయాకు ఒక టెక్స్ట్ ఫైలు, అందులో గత 45 రోజుల లెక్కలు. రాస్పబెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, పాతది ఒకటి ఖాళీగా పడి ఉంటే దానిమీద చిన్న పైథాన్ ప్రోగ్రాము పెట్టాను. గంటకోసారి ఫైలు తెచ్చి డేటాబేసులో వేస్తుంది.

ఇలాంటిది చేసుకోవాలనుకునేవాళ్ళు నాలుగు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఫైల్లో టైము యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే ప్రామాణిక సమయం. న్యూజెర్సీ గడియారం వేసవిలో దానికి 4 గంటలు వెనక, చలికాలంలో 5. ఎత్తు మీటర్లలో, గాలి సెకనుకు మీటర్లలో ఉంటాయి. రీడింగు లేనిచోట రెండు ఎమ్‌లు ఉంటాయి, దాన్ని సున్నా అనుకుంటే సముద్రం చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. దిక్కు అంటే అల, గాలి వచ్చే దిక్కు, పోయే దిక్కు కాదు. ఇక ఎత్తు అని ఇచ్చేది ఒక్క అల ఎత్తు కాదు, పెద్దవైన మూడో వంతు అలల సగటు. అందులో ఒకటి రెండు అలలు దానికి దాదాపు రెట్టింపు ఉండటం మామూలే. కొత్తగా వచ్చే పిల్లలు లెక్కలోకి తీసుకోనిది ఇదే.

ఎత్తు ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, పీరియడ్ కూడా చూడాలి. పీరియడంటే ఒక శిఖరం తర్వాత ఇంకో శిఖరం రావడానికి పట్టే సెకన్లు. అల మోసుకొచ్చే శక్తి సుమారుగా ఎత్తు వర్గం, పీరియడ్, రెండిటి లబ్ధంలో సగం. మీటరు ఎత్తు, 6 సెకన్లు అయితే తీరం మీటరుకు 3 కిలోవాట్లు. అదే మీటరు ఎత్తు, 12 సెకన్లు అయితే 6. ఎత్తు రెండు మీటర్లకు పెరిగి 9 సెకన్లు ఉంటే 18. యాప్‌లో అంకె మారకపోయినా ఒడ్డున దెబ్బ మారేది అందుకే.

సెప్టెంబరు 16, శనివారం

లీ తుపాను. వారం కిందట అట్లాంటిక్ నడిబొడ్డున ఐదో కేటగిరీ దాకా పెరిగింది. ఒడ్డుకు రాకుండా దూరంగానే ఉత్తరానికి పోయి, ఇవాళ నోవా స్కోషియాలో తీరం దాటుతోంది. న్యూజెర్సీకి వాన లేదు, మబ్బు లేదు. నేల మీద నుంచి సముద్రం వైపు వీచే గాలి, అంటే ఆఫ్‌షోర్. అల నున్నగా లేవాలంటే ఇంతకంటే ఏం కావాలి? పొద్దున్నే బెల్మార్‌లో కార్లు ఆపడానికి చోటు లేదు.

కానీ పొద్దుటి పోటు వేళ అలలన్నీ క్లోజవుటే. తలెత్తు అల నల్లగా గీత గీసినట్టు దూరం నుంచి వస్తుంది, ఒడ్డుకు ఇరవై అడుగుల్లో ఒక్కసారిగా పడిపోతుంది. బోర్డులు విరిగినవాళ్ళు ఇద్దరు ముగ్గురు మా కళ్ళముందే నడిచి వెళ్ళారు. బామ్మర్ది ఒకసారి దిగి, ముక్కు నిండా ఇసుకతో తిరిగొచ్చాడు.

"బావా, ఇంత పేరున్న తుపాను ఇంతేనా?"

తుపానులో లోపమేమీ లేదు. లోతు నీటిలో అల పొడవు మీటర్లలో పీరియడ్ వర్గానికి 1.56 రెట్లు. 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు. 14 సెకన్ల అల పొడవు 300 మీటర్ల పైనే. పొడవులో సగం లోతు దగ్గర అలకు సముద్రపు అడుగు తగలడం మొదలవుతుంది. అంటే 14 సెకన్ల అలకు 150 మీటర్ల లోతులోనే నేల తెలుస్తుంది. ఇక్కడ ఖండతీరపు అంచు, అంటే ఒడ్డును ఆనుకుని లోతు తక్కువగా ఉండే సముద్రపు అడుగు, వంద కిలోమీటర్లకు పైగా విస్తరించి ఉంది కాబట్టి అంతసేపూ అది నేలను రాసుకుంటూ, వంగుతూ, చివరికి ఒడ్డుకు సమాంతరంగా తిరిగిపోతుంది. అలాంటి పొడవాటి తిన్నని అల తిన్నని ఇసుక మేట మీదికి వస్తే అంతా ఒకేసారి విరగక ఏం చేస్తుంది? పొట్టి పీరియడ్ అలలు రెండు మూడు దిక్కుల నుంచి కలిసి వస్తే అక్కడక్కడా శిఖరాలు లేస్తాయి, పక్కకు జారడానికి దారి ఉంటుంది. ఈ బీచికి తుపాను అల కంటే నాసిరకం గాలి అలే నయమనిపించే రోజులు అందుకే ఉంటాయి.

రాతి మీదో పగడపు దిబ్బ మీదో విరిగే చోట ఈ బాధ లేదు, రాయి కదలదు. ఇలా ఇసుక ఒడ్డున విరిగే చోట, అంటే బీచ్ బ్రేకులో, అడుగంతా ఇసుకే. అందుకని ఈ ప్రాజెక్టులో ముఖ్యమైన కాలమ్ ఏ బోయా ఇవ్వలేనిదే, ఇసుక.

సెప్టెంబరు ఆఖరు

ఒఫీలియా తుపాను 23న నార్త్ కరొలైనాలో తీరం దాటి, దాని వాన అంతా మాకిచ్చింది. ఈశాన్యం గాలి రెండు రోజులు. వాస్తులో ఈశాన్యం దేవుడి మూల, న్యూజెర్సీలో మాత్రం అది తుపాను మూల. బోయా మీద అంకెలు చూస్తే నోరూరుతుంది, సముద్రం చూస్తే తెల్లటి గందరగోళం. శక్తి కాలమ్‌లో 15 దాటింది, మేం వేసిన మార్కు సున్నా. ప్రోగ్రాములో గాలి దిక్కును గుణకంగా పెట్టాను. బెల్మార్ ఒడ్డు దాదాపు తూర్పు ముఖం. పడమర, వాయవ్యం గాలికి పూర్తి మార్కు, నైరుతికి కొంచెం తక్కువ, ఉత్తర దక్షిణాలకు సగం, ఈశాన్యం నుంచి ఆగ్నేయం దాకా వేగాన్ని బట్టి కోత. గాలి చాలా నెమ్మదిగా ఉంటే దిక్కుతో పనిలేదు.

అక్టోబరు

ఇసుక కొలవడానికి రెండు కర్రలు చాలు. కె.ఓ. ఎమరీ అనే సముద్ర భూవిజ్ఞాని 1961లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇప్పటికీ కాలేజీ పిల్లలు వాడతారు. మీటరున్నర కర్రలు రెండు తెచ్చి పై నుంచి కిందికి సెంటీమీటరు గీతలు గీశాను, ప్రతి పదికీ ఎర్రగీత. రెండు కర్రల మధ్య మీటరున్నర తాడు. నీళ్ళవైపు కర్ర బామ్మర్ది పట్టుకుంటాడు, ఒడ్డువైపుది నేను. నేల సముద్రం వైపు వాలుతుంటే అతని కర్ర తల నాదానికంటే కిందికి ఉంటుంది. ఆ తలను దిగంతం గీతతో కలిపి చూస్తే, నా చూపు నా కర్రను ఎక్కడ కోస్తుందో అదే వాలు. ఆరు సెంటీమీటర్లు, తొమ్మిది సెంటీమీటర్లు అని చెప్పడం, ఫోన్‌లో రాసుకోవడం, ఇద్దరం ఒక తాడు పొడవు ముందుకు జరగడం. నేల మళ్ళీ పైకి లేస్తే చూపు తిరగబడుతుంది. అప్పుడు నా కర్ర తల మీదుగా దిగంతాన్ని చూస్తూ అతని కర్ర మీద లెక్క చదవాలి. మొదలు ఎప్పుడూ ఒకటే చోటు, బోర్డువాక్, అంటే ఒడ్డు పొడవునా ఉన్న నడకదారి, కింద ఒక స్తంభానికి ఉన్న తుప్పుపట్టిన బోల్టు.

"బావా, జనం మనల్ని బంగారం వెతికేవాళ్ళనుకుంటున్నారు." అన్నమాట అబద్ధం కాదు. మెటల్ డిటెక్టరు పట్టుకున్న పెద్దాయన ఒకడు మా వెనకే కాసేపు తిరిగి, ఏమీ దొరకడం లేదని తేల్చుకుని వెళ్ళాడు.

గ్రాఫు గీస్తే అర్థమైంది. ఒడ్డు అంచు నిటారుగా ఉంది. వేసవి అలలు ఇసుకను తెచ్చి ఒడ్డుమీద పేర్చాయి, నీటిలో మేట దాదాపు లేదు. లీ అల విరగడానికి మధ్యలో ఆగే చోటే లేక నేరుగా ఒడ్డుమీద పడింది. అల ఎత్తుకు 1.3 రెట్ల లోతు వచ్చేదాకా విరగదు కదా, ఆ లోతు ఒడ్డుకు ఆనుకునే ఉంది మరి.

ఇందులో మనుషుల చెయ్యి కూడా ఉంది. సీ బ్రైట్ నుంచి మనాస్క్వాన్ దాకా ఉన్న ఈ తీరానికి అమెరికా సైన్యపు ఇంజనీరింగు విభాగం ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వాళ్ళు 1994 నుంచి సముద్రంలో నుంచి ఇసుక తోడి పోస్తున్నారు. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను బ్రిగంటీన్ దగ్గర తీరం దాటి ఇదంతా చెరిపేశాక మళ్ళీ పోశారు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికట్టలు, ఇక్కడివాళ్ళు జెట్టీలనేవి, చాలాచోట్ల సగం ఇసుకలో పూడిపోయాయి. ఊళ్ళకు అది రక్షణ, కాదనను. సర్ఫర్లకు మాత్రం పాత మేటలు పోయాయని ఏడుపు. ఇళ్ళు నిలబడాలా అలలు నిలబడాలా అంటే నేను ఇళ్ళనే అంటాను. ఆ మాట పార్కింగులో గట్టిగా అనను.

నవంబరు

కర్రలు నడుములోతు దాకానే పనికొస్తాయి. ఆ పైన ఉన్న మేట కనబడాలంటే కెమెరా కావాలి. ఓరెగన్ స్టేట్ యూనివర్సిటీలో రాబ్ హోల్మన్ బృందం 1980ల్లో మొదలుపెట్టిన ఆర్గస్ పద్ధతిలో కెమెరా పది నిమిషాలు చూసిన దృశ్యం మొత్తాన్ని సగటు చేస్తారు. నా దగ్గరున్నది పాత ఫోను. బోర్డువాక్ రెయిలింగుకు క్లాంపుతో బిగించి సెకనుకో ఫొటో, పది నిమిషాలు, 600 ఫొటోలు. ఇంటికొచ్చి పైథాన్‌లో లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీతో ఒక్కో పిక్సెల్‌కు సగటు తీస్తే మనుషులు, కుక్కలు, సీగల్ పక్షులు, విడివిడి అలలు అన్నీ మాయమైపోతాయి. అల ఎక్కువసార్లు ఎక్కడ విరిగిందో అక్కడ తెల్లటి పట్టీ మిగులుతుంది. అదే మేట. పట్టీ మధ్యలో నల్లటి ఖాళీ ఉంటే అక్కడ లోతైన కాలువ, ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోయే దారి, రిప్ కరెంట్.

వేసవిలో పిల్లలతో వచ్చే మనవాళ్ళకు ఈ ఫొటో చూపించాలని ఉంది. ఈతకు ప్రశాంతంగా, నురగ లేకుండా కనిపించే చోటే ఆ కాలువ. జెట్టీ పక్కన అది దాదాపు ఎప్పుడూ ఉంటుంది. లాక్కుపోతుంటే ఒడ్డువైపు ఎదురీదకుండా పక్కకు ఈదాలి. లైఫ్‌గార్డు లేని చోట అసలు దిగొద్దు.

ఈ నెల ఫొటోల్లో జెట్టీకి దక్షిణంగా తెల్లపట్టీ విరిగి వంకరగా తిరిగింది. అక్టోబరు గాలివానలు ఒడ్డుమీది ఇసుకను కొంత కిందికి లాగి మేట కట్టాయి. నడుమెత్తు అల, 8 సెకన్లు, పడమర గాలి. అంకెల్లో సాధారణమైన రోజు. మా పట్టికలో ఇప్పటిదాకా పెద్ద మార్కు దానికే పడింది. నీళ్ళు ఇంకా గట్టిగా చల్లబడలేదు, జనం తగ్గారు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్ని ఇక్కడివాళ్ళు ఎందుకు దాచుకుంటారో తెలిసింది.

డిసెంబరు 18, జనవరి 10

చలికాలపు తుపానులన్నీ నారీస్టర్లని మా ఆఫీసులో అందరూ అనుకుంటారు. అల్పపీడనం సముద్రం మీదుగా పోతే గాలి ఈశాన్యం, అదే నారీస్టర్. నేల మీదుగా, మనకు పడమరగా పోతే గాలి ఆగ్నేయం. డిసెంబరు 18న వచ్చింది, జనవరి 9 రాత్రి వచ్చింది రెండూ రెండో రకం. హోరుగాలి, కుండపోత, లోపలి ఊళ్ళలో వరద. సముద్రం చూడటానికే భయమేసింది.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. అల్పపీడనం దాటిపోగానే గాలి పడమరకు తిరుగుతుంది. అప్పటిదాకా పిచ్చిగా ఉన్న సముద్రం గంటల్లో సర్దుకుని, అల ముఖం నున్నబడుతుంది. కానీ అదే గాలి అలను అణిచేస్తుంది కూడా. కొత్తగా అల పుట్టించే గాలి లేదు, తుపాను దూరమైపోతోంది. అర రోజు, మహా అయితే ఒక రోజు. డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. గాలి రాత్రి తొమ్మిదికి తిరిగితే పొద్దున ఏడుకల్లా సగం అయిపోయింది. అందుకే నెలవారీ సగటు ఎత్తు అనే లెక్క నేను పట్టికలోంచి తీసేశాను. సగటు చూస్తే చలికాలమే మొనగాడు. వెలుతురు ఉన్న గంటల్లో, గాలి సరిగా ఉన్న గంటలు మాత్రమే తీసి చూస్తే శరత్తుదే పైచేయి. ఇప్పుడు ప్రోగ్రాము రోజుకు మార్కు వెయ్యదు, సూర్యోదయం నుంచి అస్తమయం దాకా గంటకో మార్కు వేస్తుంది.

ఫిబ్రవరి 13

ఈసారి అసలైన నారీస్టర్, మంచుతో. వచ్చినంత వేగంగానూ పోయింది. గాలి ఎంతసేపు, ఎంత దూరం నీటి మీద వీచిందన్నదాన్ని బట్టే అల పెరుగుతుంది. ఇది ఉదయం వచ్చి సాయంత్రానికి ముగించింది, పీరియడ్ పెరిగేంత టైము ఇవ్వలేదు. వార్తల్లో తుపాను పెద్దది, నీళ్ళలో చిన్నది.

నీళ్ళు నాలుగైదు డిగ్రీలు, సెల్సియస్. ఒంటికి చలిని ఆపే 5/4 మిల్లీమీటర్ల మందపు హుడ్ సూటు, చేతులకు లాబ్‌స్టర్ గ్లోవులు, కాళ్ళకు బూట్లు. ఇవన్నీ వేసుకోవడానికి పట్టే సేపు నీళ్ళలో ఉండలేం. మొదటి అల మొహం మీద పడగానే నుదుటి మధ్య మేకు దిగిన నొప్పి. బామ్మర్ది ఇంట్లో పడుకున్నాడు, అతని తెలివే తెలివి.

ఏప్రిల్

వసంతంలో దిగంతం ఉండదు. వెచ్చటి గాలి చల్లటి నీళ్ళ మీదికి వచ్చి పొగమంచు అవుతుంది. దిగంతం లేకపోతే ఎమరీ కర్రలు ఉత్త కర్రలు. మార్చి నెలంతా కొలత దాదాపు జరగలేదు.

5న పొద్దున పదీ ఇరవై దాటాక ఇల్లంతా ఊగింది. 4.8 తీవ్రత, కేంద్రం హంటర్‌డన్ కౌంటీ. వాట్సాప్ గ్రూపుల్లో వెంటనే సునామీ మాట మొదలైంది. సముద్రానికి దూరంగా, నేల వైపు వచ్చిన ఆ పాటి కదలికకు సముద్రం కదలదు. బోయా ఫైలు తెరిచి చూపిస్తే కూడా మా మేనత్త నమ్మలేదు.

8న గ్రహణం. ఉగాదికి ముందు రోజు అమావాస్య, చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్న రోజులు కూడా అవే. అంటే ఏడాదిలో పెద్ద పోటు, పెద్ద ఆటు వచ్చే సమయాల్లో ఒకటి. ఈ తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఉదయం, సాయంత్రం ఎనిమిది ప్రాంతాల్లో, ఆటు మధ్యాహ్నం రెండు ప్రాంతాల్లో వస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే టేబుల్ చూడకుండానే సగం ప్లాన్ అయిపోతుంది. శాండీ హుక్ దగ్గర పోటుకూ ఆటుకూ తేడా సగటున 4.7 అడుగులు. ఆ రోజు దానికి మించి దిగింది.

భీమిలి నుంచి అమ్మ ఫోను. "ఒరే, గ్రహణం వేళ నీళ్ళల్లో దిగకురా." మోకాలి లోతే అమ్మా, కర్ర పట్టుకోవడానికే, అన్నాను. సగం నిజం.

ఆకాశం సందె వెలుగులా మసకబారుతుంటే, 90 శాతం మూసుకున్న సూర్యుడి కింద ఏడాదిలో అతి పొడవైన గీత కొలిచాం. ఒడ్డు నుంచి వాలు దిగి పల్లం వచ్చింది, నడుములోతు. దాన్ని దాటి ఇంకొంచెం పోతే బామ్మర్ది కర్ర పైకి లేవడం మొదలైంది. నాలుగు సెంటీమీటర్లు, ఏడు, మళ్ళీ ఏడు. మేట మీద నిలబడ్డాడు, నీళ్ళు మోకాలి దాకా. చలికాలమంతా తుపానులు ఒడ్డు నుంచి లాక్కుపోయిన ఇసుక అక్కడ కూర్చుని ఉంది. నవంబరు నుంచి ఫొటోల్లో తెల్లపట్టీగా చూస్తున్నది కాళ్ళకు తగలడం నాకైతే గ్రహణం కంటే పెద్ద విశేషం.

జూన్, జూలై

రాయడానికి తక్కువ. మెమోరియల్ డే (మే ఆఖరు) నుంచి లేబర్ డే (సెప్టెంబరు మొదలు) దాకా బీచికి బ్యాడ్జీ, అంటే పాసు, కొనాలి. లైఫ్‌గార్డులున్నంతసేపూ సర్ఫింగు దానికి కేటాయించిన చోటే. అల మోకాలు, ఎప్పుడైనా నడుము. పొద్దున గాలి ఉండదు, పది దాటాక నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి అంతా గజిబిజి. 5, 6 సెకన్ల అల. పొడవాటి లాంగ్‌బోర్డు ఉన్నవాడు రాజు.

ఒక్కటి మాత్రం చూసి తీరాలి. నైరుతి గాలి నాలుగైదు రోజులు ఆగకుండా వీస్తే, ఎండ మండిపోతున్నా, నీళ్ళు ఒక్కసారిగా గడ్డకడతాయి. జూలైలో ఒక వారం 22 డిగ్రీలున్నవి రెండు రోజుల్లో 15కు పడ్డాయి. భూభ్రమణం వల్ల ఆ గాలి పైనున్న వెచ్చటి నీటిని ఒడ్డుకు దూరంగా నెడుతుంది, దాని స్థానంలోకి అడుగున చలికాలం నుంచి దాక్కుని ఉన్న చల్లటి నీరు పైకి వస్తుంది. మా పక్కనే ఉన్న రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ళు నీటి అడుగున తిరిగే గ్లైడర్లతో ఈ చల్లటి కొలనును ఏళ్ళ తరబడి కొలుస్తున్నారు. వాళ్ళ గ్లైడరే 2009లో ఇక్కడి నుంచి స్పెయిన్ దాకా అట్లాంటిక్ దాటింది. దూరంగా ఉన్న బోయా ఉష్ణోగ్రత చూసి నిక్కరుతో దిగితే అరుపే. ప్రోగ్రాములో ఒక నియమం చేర్చాను. మూడు రోజుల నైరుతి కనబడితే "సూటు తెచ్చుకో" అని మెసేజీ.

ఆగస్టు 20, మంగళవారం

ఎర్నెస్టో తుపాను 17న బెర్ముడా మీద తీరం దాటింది. అంతకుముందు రోజే దాని అలలకు నార్త్ కరొలైనాలో రోడాంథే దగ్గర ఒక ఇల్లు సముద్రంలోకి కూలింది. అల శక్తి గంటకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో పీరియడ్‌ను 2.8తో గుణిస్తే వస్తుంది. 14 సెకన్లకు 39. బెర్ముడా ఇక్కడికి సుమారు 1200 కిలోమీటర్లు, అంటే 31 గంటలు. పొడవాటివి ముందొస్తాయి, పొట్టివి వెనక. బోయా మీద పీరియడ్ మొదట ఎగిరి, తర్వాత మెట్లు దిగినట్టు తగ్గడం డేటాబేసులో చక్కగా పడింది.

శనాదివారాలు బీచి నిండా ఎర్రజెండాలు, టీవీ కెమెరాలు. మేం వెళ్ళలేదు. గాలి సరిగా లేదని గంటల మార్కులు చెబుతున్నాయి, పొడవాటి అలకు ఈ ఒడ్డు ఏం చేస్తుందో నిరుడు లీ చూపించింది. ప్రోగ్రాము వేలు చూపింది మంగళవారం మధ్యాహ్నాన్ని. శక్తి శనివారంలో సగానికి పడిపోతుంది, కానీ గాలి వాయవ్యం, నిన్ననే పౌర్ణమి కాబట్టి రెండున్నరకు పెద్ద ఆటు. నీళ్ళు తగ్గితే ఒడ్డు మీద పడాల్సిన అల బయటి మేట మీదే విరగాలి. జూలై ఫొటోలో జెట్టీ పక్కన ఆ మేట ఇంకా మిగిలే ఉంది.

ఆఫీసుకు సగం రోజు సెలవు చెప్పి వెళ్ళాం. ఒడ్డు మొత్తం మీద పనికొచ్చే చోటు జెట్టీకి దక్షిణంగా ఇంటి స్థలమంత. మిగతాదంతా క్లోజవుటే. ఆ ముక్కలో మాత్రం అల జెట్టీ వైపు నుంచి మొదలై, మేట పొడవునా ఎడమకు విప్పుకుంటూ కాలువ దాకా పోయి ఆగుతోంది. ఛాతీ ఎత్తు, నిదానంగా. అప్పటికే ఓ పాతికమంది ఉన్నారు, వాళ్ళలో సగం మంది ఈ ఊరివాళ్ళు, ఏ బోయా చూడకుండా వచ్చినవాళ్ళు. వరస తప్పకుండా నిలబడితే మాకూ వంతు వచ్చింది. బామ్మర్ది ఒక అల చివరిదాకా వెళ్ళి, కాలువ దగ్గర పడి, లేచి నా వైపు చేతులూపాడు.

ఇంటికొచ్చే దారిలో వాదన. అతనికి ఫోన్‌కి ఒక్క మాట రావాలి, వెళ్దాం లేదా వద్దు. నేనేమో శక్తి, గాలి, ఇసుక, మూడు అంకెలూ విడిగా కావాలంటాను, ఏది తగ్గిందో తెలియకపోతే ఆ మార్కు ఎందుకు? ప్రస్తుతానికి మెసేజీలో రెండూ పెట్టాను. ఇసుక గుణకం ఇంకా నా చేత్తోనే వేస్తున్నాను, ఫొటోలో తెల్లపట్టీ వంకర చూసి 0.3 నుంచి 1 దాకా. దాన్ని ప్రోగ్రామే కొలిచేలా చెయ్యాలి. బోర్డువాక్ మీద ఫోను ప్రతిసారీ కాస్త వేరే కోణంలో పడుతోంది, ముందు అది సరిచేస్తేగాని పట్టీల్ని ఒకదానితో ఒకటి పోల్చలేం. లేబర్ డే వెళ్ళగానే కర్రలు మళ్ళీ బయటికి తీసి, ఈసారి జెట్టీకి ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు గీతలు కొలుస్తాం.